చదును పాదాల పిల్లలకు ఇన్సోల్: ఎప్పుడు అవసరం, ఏది ఎంచుకోవాలి, ఎలా అలవాటు చేయాలి

స్నానం చేసి పరుగెత్తిన పిల్లల తడి అడుగులు గచ్చు మీద అచ్చుపడతాయి. పెద్దల అడుగుజాడలో లోపలి వైపు ఒక ఖాళీ ఉంటుంది. కొందరు పిల్లల అడుగుజాడలో ఆ ఖాళీ కనిపించదు. మడమ నుంచి వేళ్ల దాకా పాదమంతా నిండుగా నేలకు అంటుతుంది. వెనక నుంచి చూస్తే చీలమండలు లోపలికి వాలి ఉంటాయి. బూట్లు లోపలి అంచున ముందుగా అరుగుతాయి. ఒకసారి ఇది కంటపడిందంటే తల్లిదండ్రులకు ఇక మనసు నిలవదు. బూట్లలో పెట్టే ఇన్సోల్ కోసం ఆ రాత్రే వెతకడం మొదలుపెడతారు.

మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు నేను చేసింది అదే. తనకు నొప్పి లేదు, పరుగులో ఎవరికీ తీసిపోయేది కాదు. అయినా భయంతో గట్టి వంపు ఉన్న ఒక జత తెచ్చి బూట్లలో పెట్టాను. "అమ్మా, బూట్లో రాయి ఉంది" అని రోజూ చెప్పేది. అలవాటవుతుందిలే అనుకున్నాను. నెల తరవాత చూస్తే ఆ రెండూ బడి సంచి అడుగున దాగి ఉన్నాయి. తొమ్మిదో ఏట అదే పిల్లకు ఆట తరవాత అరికాళ్లు నిజంగానే నొప్పి పుట్టాయి. అప్పుడు సరిగ్గా ఎంచి అమర్చిన జత రెండు నెలల్లో తనను మళ్లీ మైదానంలోకి పంపింది. మొదటిసారి ఇన్సోల్‌కు చేయవలసిన పనే లేదు, రెండోసారి ఉంది.

ఈ మార్గదర్శి అంతా ఆ తేడా చుట్టూనే తిరుగుతుంది. ఇన్సోల్ నొప్పిని, అలసటను తగ్గించడానికి పనికొస్తుంది. పాదం ఆకారాన్ని శాశ్వతంగా మారుస్తుందని ఆశపడి కొంటే డబ్బూ పోతుంది, పిల్లల సుఖమూ పోతుంది.

1. ముందు వయసు చూడండి

పుట్టిన బిడ్డ పాదం చదునుగానే కనిపిస్తుంది. వంపు ఉండవలసిన చోట కొవ్వు మెత్తలా నిండి ఉంటుంది. ఎముకలు ఇంకా చాలావరకు మృదులాస్థి. కీళ్లను పట్టి ఉంచే బంధనాలు వదులుగా ఉంటాయి. కాబట్టి నడక నేర్చిన బిడ్డ బరువు మోపగానే పాదం పరుచుకుంటుంది. ఆ కొవ్వు తగ్గి, బంధనాలు బిగిసే కొద్దీ వంపు నెమ్మదిగా తేలుతుంది. ఎక్కువ మందిలో ఈ మార్పు మొదటి పదేళ్లలో జరుగుతుంది.

ఆస్ట్రియాలో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు 835 మంది పాదాలను పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. మూడేళ్ల పిల్లల్లో 54 శాతం మందివి చదును పాదాలు, ఆరేళ్ల వారిలో 24 శాతం మందివి. వారిలో జబ్బు అనదగిన చదును పాదం ఒక శాతం కన్నా తక్కువ. అయినా ఆ పిల్లల్లో 10 శాతం మంది అప్పటికే బూట్లలో ఆర్చ్ సపోర్ట్ (అరికాలి వంపుకు ఆధారం) వాడుతున్నారు. అవసరం ఒకరిదైతే భయం పదిమందిది అన్నమాట.

మూడేళ్ల లోపు బిడ్డకు, హాయిగా నడుస్తూ ఆడుతూ ఉంటే, ఇన్సోల్ గురించి ఆలోచించవలసిన పనే లేదు. మూడు నుంచి ఆరేళ్ల మధ్య, నొప్పి లేకపోతే, ఎదుగుదలను గమనిస్తూ ఉండండి. ఆ తరవాత కూడా నొప్పి లేకుండా, మెత్తగా కదిలే పాదమైతే ఏడాదికోసారి చూసుకుంటే చాలు. పెద్దయ్యాక కూడా చదునుగానే మిగిలే పాదాలు కొన్ని ఉంటాయి. వాటితోనే పరుగెత్తేవారు, బరువులు మోసేవారు ఎందరో ఉన్నారు. 1947లో హ్యారిస్, బీత్ అనే ఇద్దరు వైద్యులు కెనడా సైనికులు 3,600 మందికి పైగా పాదాలను పరిశీలించి ఈ మాటే చెప్పారు: మెత్తగా కదిలే చదును పాదం బలమైన పాదమే కావచ్చు. ఇబ్బంది పెట్టేవి ఏవో కూడా వారు వేరుచేసి చూపారు. మడమ వెనక స్నాయువు పొట్టిగా ఉన్న పాదాలు, ఎముకలు కలిసిపోయి బిగుసుకున్న పాదాలు. ఇంట్లో మనం వెతకవలసింది కూడా ఆ రెండింటినే.

2. ఇంట్లో చేయదగిన పరీక్షలు

వీటికి పది నిమిషాలు చాలు. పిల్లలు నిక్కరు వేసుకుని, చెప్పులు లేకుండా, గట్టి నేల మీద నిలబడాలి. మీరు వెనక కూర్చుని మీ కళ్లు వారి మడమల ఎత్తుకు తెచ్చుకోండి. ఫోనుతో ఫోటో తీసి తేదీతో దాచుకుంటే ఏడాది తరవాత పోల్చి చూడటానికి పనికొస్తుంది.

మొదట మామూలుగా నిలబడమనండి. మడమ నిటారుగా ఉందా, లేక చీలమండ లోపలికి వాలి మడమ అడుగు బయటికి జరిగిందా చూడండి. వెనక నుంచి చూసినప్పుడు చిటికెన వేలు, దాని పక్క వేలు బయటి వైపు కనిపించడం మామూలే. మూడు నాలుగు వేళ్లు కనిపిస్తుంటే పాదం లోపలికి బాగా ఒరుగుతోందని అర్థం. రెండు కాళ్లూ ఒకే తీరులో ఉన్నాయా అన్నది మరింత ముఖ్యం.

తరవాత గోడకు చేతులు ఆనించి మునివేళ్ల మీద లేవమనండి. ఇంట్లో చేసే పరీక్షల్లో దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. లేచినప్పుడు అరికాలి వంపు పైకి తేలి, మడమ లోపలికి తిరిగితే పాదం మెత్తగా, ఆరోగ్యంగా కదులుతున్నట్టే. మునివేళ్ల మీద కూడా వంపు రాకపోతే, మడమ తిరగకుండా అలాగే ఉండిపోతే అది బిగుసుకున్న పాదం. అలాంటి పాదాన్ని ఇంట్లో ఇన్సోల్‌తో సరిచేసే ప్రయత్నం చేయవద్దు, వైద్యులకు చూపించాలి.

మూడోది బొటనవేలి పరీక్ష. పిల్ల నిలబడి ఉండగా బొటనవేలిని మీ చేత్తో మెల్లగా పైకి లేపండి. వంపు దానంతట అదే పైకి లేస్తుంది. అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా ఒక గట్టి పట్టీ ఉంటుంది. బొటనవేలు లేచినప్పుడు ఆ పట్టీ, గిలక మీద తాడు చుట్టుకున్నట్టు వేలి మొదలు చుట్టూ బిగిసి మడమను ముందుకు లాగుతుంది, మధ్య భాగం పైకి ఉబుకుతుంది. ఈ పనితీరును 1954లో హిక్స్ అనే పరిశోధకుడు వివరించారు. ఇన్సోల్ ఎంచుకునేటప్పుడు ఈ గిలక మళ్లీ గుర్తుకు రావాలి, దాని గురించి తరవాత చెబుతాను.

నాలుగోది పిక్క పరీక్ష. దీన్ని చాలామంది వదిలేస్తారు, అసలు బాధ తరచుగా ఇక్కడే ఉంటుంది. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు చాపి, మడమను ఒక చేత్తో పట్టుకోండి. మడమను కొంచెం లోపలికి తిప్పి పట్టి ఉంచి, రెండో చేత్తో పాదాన్ని మోకాలి వైపు నెట్టండి. పాదం కాలికి లంబంగా వచ్చి, ఇంకొంచెం పైకి కూడా సులభంగా వంగాలి. లంబం దాకా కూడా రాకపోతే పిక్క కండరం, మడమ వెనక స్నాయువు బిగుతుగా ఉన్నట్టు. మడమను తిప్పి పట్టమన్నది ఎందుకంటే, వదిలేస్తే పాదం మధ్యలో విరిగినట్టు వంగి, స్నాయువు బాగానే సాగుతోందన్న భ్రమ కలుగుతుంది. నడకలో జరిగేదీ అదే. స్నాయువు సాగక, ఆ వంగడమంతా పాదం మధ్యలో జరిగి, వంపు నేలకు కుంగుతుంది.

తడి అడుగుజాడ సంగతి చివరన చెబుతున్నాను, ఎందుకంటే అందరూ మొదట చేసేది అదే, చెప్పేది మాత్రం చాలా తక్కువ. పాదం బొద్దుగా ఉంటే ఎముకల వంపు ఉన్నా అడుగుజాడ నిండుగానే పడుతుంది. దాని ఒక్కదాని మీద నిర్ణయం తీసుకోవద్దు.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. పాదం లోపలికి ఒరగడం వేరు, నడిచేటప్పుడు వేళ్లు ఒకదానికొకటి ఎదురుగా లోపలికి తిరగడం వేరు. రెండోది ఎక్కువగా పిక్క ఎముక మెలిక వల్లో, తుంటి దగ్గర తొడ ఎముక తిరిగి ఉండటం వల్లో వస్తుంది. పాదం ముందు భాగం వంగి పుట్టిన పిల్లల్లోనూ కనిపిస్తుంది. చాలామందిలో వయసుతో సర్దుకుంటుంది. బూటులో పెట్టిన మెత్త తుంటి ఎముకను తిప్పలేదు. కాబట్టి వేళ్లు లోపలికి తిరిగే నడకకు ఇన్సోల్ కొనకండి.

3. నొప్పి ఉందో లేదో పిల్లల భాషలో తెలుసుకోండి

"కాళ్లు నొప్పా?" అని అడిగితే చిన్నపిల్లలు లేదంటారు, లేదా మీ ముఖం చూసి అవునంటారు. వారి నొప్పి పనుల్లో కనిపిస్తుంది. తోటివారు ఇంకా ఆడుతుండగా పక్కకు వచ్చి కూర్చుంటారు. నడిచే వయసు దాటాక కూడా ఎత్తుకోమంటారు. బూట్లు విప్పగానే అరికాలి లోపలి వైపు రుద్దుకుంటారు. ఇష్టమైన ఆట ఉన్నట్టుండి ఇష్టం లేదంటారు. ఇవి మొండితనంగా కనిపిస్తాయి, ఒక్కోసారి తిట్లు కూడా తింటారు. మా అమ్మాయి ఆటల తరగతి ఎగ్గొట్టిన నెలలో నేను కోపపడిన మాటలు ఇప్పటికీ నన్ను బాధిస్తాయి.

రెండు వారాలు ఒక చిన్న పుస్తకంలో రాయండి. ఏ రోజు, ఎంతసేపు నడిచిన తరవాత, ఎక్కడ నొప్పి, ఎంతసేపటికి తగ్గింది. చోటు మాటల్లో అడగకుండా వేలితో చూపించమనండి. వంపు కింద, చీలమండ లోపలి వైపు, పిక్క ముందు ఎముక పక్కన చూపిస్తే చదును పాదానికి సంబంధం ఉండే అవకాశం ఎక్కువ. 8 నుంచి 14 ఏళ్ల మధ్య మడమ వెనక వైపు నొప్పి అంటే సాధారణంగా ఎదిగే ఎముక చివర మీద స్నాయువు లాగుడు. దానికి విశ్రాంతి, పిక్కను సాగదీయడం, మడమ కింద చిన్న మెత్త సాయపడతాయి, వంపు ఆధారం ముఖ్యం కాదు. రాత్రుళ్లు రెండు పిక్కలూ నొప్పి అని ఏడ్చి, పొద్దున్న లేచి గెంతులేసే పిల్లల నొప్పి చాలాసార్లు పాదాలకు సంబంధించినది కాదు.

ఈ పుస్తకమే తరవాత మీకు తీర్పు చెబుతుంది. ఇన్సోల్ పెట్టిన ఆరు వారాలకు మళ్లీ రెండు వారాలు రాసి పోల్చండి.

4. ఇన్సోల్ కన్నా ముందు వైద్యులను చూడవలసిన సందర్భాలు

మునివేళ్ల మీద లేచినా వంపు రాని బిగుసు పాదం. ఒక కాలు మాత్రమే చదునుగా ఉండటం. వంపు ఉన్న పాదం కొత్తగా చదునవడం. కుంటడం, వాపు, వేడి, జ్వరం. నిద్ర నుంచి లేపే, ఒకే చోట ఉండే నొప్పి. కాలు తిమ్మిరి, బలహీనత, తరచుగా పడిపోవడం. నేర్చుకున్న నడక వెనక్కి పోవడం. వీటిలో ఏది ఉన్నా ముందు పిల్లల ఎముకల వైద్యులు చూడాలి.

బిగుసు పాదానికి ముఖ్యమైన కారణం ఒకటి తెలుసుకోవాలి. మడమ ప్రాంతంలో విడివిడిగా ఉండవలసిన రెండు ఎముకలు పుట్టుకతోనే వంతెనలా అతుక్కుని ఉంటాయి. చిన్నప్పుడు ఆ వంతెన మెత్తగా ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. 8 నుంచి 16 ఏళ్ల మధ్య అది ఎముకగా గట్టిపడే కొద్దీ నొప్పి మొదలవుతుంది, చీలమండ మాటిమాటికీ బెణుకుతుంది. ఎక్స్‌రే, అవసరమైతే స్కాన్‌తో తేలుతుంది. ఇలాంటి పాదం కింద గట్టి వంపు పెడితే, కదలని కీలును బలవంతంగా నెట్టినట్టే. నొప్పి పెరుగుతుంది.

5. ఇన్సోల్ ఏం చేయగలదు

1989లో వెంగర్ అనే వైద్యుడు, అతని సహచరులు ప్రచురించిన అధ్యయనంలో మెత్తగా కదిలే చదును పాదాలున్న 1 నుంచి 6 ఏళ్ల పిల్లలను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏమీ ఇవ్వలేదు. మిగిలిన వాటికి ప్రత్యేక బూట్లు, మడమను పట్టి ఉంచే గిన్నెలు, పాదం అచ్చు తీసి చేసిన ప్లాస్టిక్ ఇన్సోల్ ఇచ్చారు. మూడేళ్ల తరవాత 98 మంది ఎక్స్‌రేలు పోల్చారు. అన్ని గుంపుల్లోనూ పాదాలు మెరుగయ్యాయి. ఏమీ వాడని పిల్లలవి కూడా అంతే మెరుగయ్యాయి. "ఇన్సోల్ వాడితే మా పిల్లవాడికి వంపు వచ్చింది" అనే మాటలో అబద్ధం ఉండకపోవచ్చు. వాడకపోయినా వచ్చేదే.

నొప్పి ఉన్న పిల్లల కథ వేరు. కీళ్లవాతం ఉన్న పిల్లల మీద 2005లో వచ్చిన ఒక పరీక్షలో, వారి పాదానికి కొలిచి చేసిన ఇన్సోల్ మూడు నెలల్లో నొప్పిని తగ్గించి నడకను మెరుగుపరచింది. అక్కడ కీళ్ల జబ్బు ఉంది, కాబట్టి దాన్ని ప్రతి చదును పాదానికీ వర్తింపజేయకూడదు. అయినా పాదం మీద పడే బరువును పంచి, లోపలికి ఒరిగే వేగాన్ని తగ్గిస్తే బడలిన కండరాలకు ఊరట కలుగుతుందన్నది వైద్యుల అనుభవం, నా కూతురి అనుభవం కూడా. నొప్పి లేని పిల్లలకు ఖరీదైన కొలత ఇన్సోల్ వాడాలనడానికి గట్టి ఆధారం లేదన్నదే, ఎన్నో అధ్యయనాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సమీక్ష కూడా చెప్పేది.

నొప్పి ఉంది, పాదం మెత్తగా కదులుతోంది, వైద్యుల దగ్గరికి వెళ్లవలసిన గుర్తులేవీ లేవు. అలాంటి పిల్లల కోసమే ఇక నుంచి చెప్పేది.

6. ముందు బూటు సరిచేయండి

పాత బూటులో కొత్త ఇన్సోల్ పెట్టడం ఒరిగిన పునాది మీద గోడ కట్టడమే. ముందు బూటును చేతిలోకి తీసుకోండి. మడమ వెనక భాగాన్ని రెండు వేళ్లతో నొక్కండి, అట్టలా కుంగిపోకూడదు. బూటు ముందు భాగాన్ని వంచండి, వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి. మధ్యలో మడతపడితే వద్దు. రెండు చివర్లు పట్టుకుని బట్ట పిండినట్టు మెలిపెట్టండి, సులభంగా మెలితిరగకూడదు. లేసులు గానీ వెల్క్రో గానీ ఉండాలి. పాదం జారకుండా బూటు పట్టుకోకపోతే ఇన్సోల్ చేయగలిగేది ఏమీ లేదు.

లోపలి అట్ట బయటికి వచ్చేదై ఉండాలి. ఇది చాలా ముఖ్యం. పాత అట్ట తీయకుండా దాని మీదే ఇన్సోల్ పెడితే మడమ పైకి లేచి బూటులోంచి జారుతుంది, వేళ్లు పైన నొక్కుకుంటాయి. నా మొదటి తప్పుల్లో ఇదీ ఒకటి.

కొలత సాయంత్రం తీసుకోండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. ఇన్సోల్ పెట్టి, రోజూ వేసుకునే మేజోళ్లు తొడిగి, నిలబెట్టి చూడాలి. అన్నిటికన్నా పొడవైన వేలి ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. రెండు పాదాలూ ఒకే పొడవు ఉండవు, పెద్ద పాదానికి సరిపోయేది తీసుకోండి. ఒకోసారి మంచి బూటు ఒక్కటే నొప్పిని సగం తీసేస్తుంది. అందుకని కొత్త బూటు, కొత్త ఇన్సోల్ ఒకే రోజు మొదలుపెట్టవద్దని నా సలహా. రెండు మూడు వారాలు బూటుతో నడిపించి చూడండి. నొప్పి అలాగే ఉంటే అప్పుడు ఇన్సోల్.

7. ఏ రకం తీసుకోవాలి

స్థూలంగా మూడు రకాలు దొరుకుతాయి. మెత్తని నురుగు మెత్తలు తాకిడిని తగ్గిస్తాయి గానీ ఒరుగుడును పెద్దగా ఆపవు. మధ్యస్థంగా గట్టిగా ఉండే ఇ.వి.ఎ. నురుగు ఇన్సోల్ చేతితో వంచితే వంగుతుంది, వదిలితే తిరిగి వస్తుంది. మూడోది పాలీప్రొపిలిన్ వంటి గట్టి ప్లాస్టిక్‌తో, ఎక్కువగా పాదం అచ్చు తీసి చేసేది. చాలామంది పిల్లలకు మధ్యరకం, కొలత ప్రకారం సిద్ధంగా దొరికేదే సరిపోతుంది. దానితో మొదలుపెట్టండి. పిల్లల పాదం పెరుగుతూ ఉంటుంది. నెలలు తిరగకుండానే చిన్నదయ్యే వస్తువును అచ్చు తీయించి చేయించడానికి గట్టి కారణం ఉండాలి. సిద్ధంగా దొరికేది పాదానికి అమరకపోవడం, కీళ్లు బాగా వదులుగా ఉండటం, కండరాల జబ్బు, కీళ్లవాతం లాంటివి ఆ కారణాలు. అప్పుడు ఇలాంటి ఆధారాలను కొలిచి చేసే నిపుణుల (ఆర్థోటిస్టు) దగ్గరికి వెళ్లాలి.

చూడవలసిన మొదటి గుణం మడమ గిన్నె. వంపు ఎత్తు కన్నా దీనికే ప్రాధాన్యం ఇవ్వండి. మడమ కూర్చునే చోటు గిన్నెలా లోతుగా, గోడలు గట్టిగా ఉంటే మడమ పక్కకు జారదు. చదును పాదంలో ఒరగడం మడమ దగ్గరే మొదలవుతుంది కాబట్టి అక్కడ పట్టుకుంటే వంపును కింది నుంచి బలంగా పొడవవలసిన అవసరం తగ్గుతుంది. వంపు భాగం పాదానికి మెల్లగా తగులుతూ ఉండాలి, గుచ్చుకోకూడదు. పిల్ల "రాయి ఉంది" అంటే అది ఎక్కువ ఎత్తు. నమ్మండి.

ఇక గిలక సంగతి. బొటనవేలి మొదట ఉన్న ఉబ్బెత్తు భాగం కిందికి ఇన్సోల్ గట్టి భాగం వెళ్లకూడదు. వెళితే ఆ కీలు సరిగ్గా వంగదు, వంపును పైకి లేపే గిలక పనిచేయడం మానేస్తుంది. గట్టి భాగం ఆ ఉబ్బెత్తుకు వెనకే ఆగిపోవాలి. ముందుకు మెత్తని పొర మాత్రమే ఉండవచ్చు.

పిక్క బిగుతుగా ఉన్న పిల్లలకు ఒక హెచ్చరిక. స్నాయువు సాగని పాదం కింద గట్టి వంపు పెడితే, పాదం కుంగాలని చూస్తుంది, ఇన్సోల్ కుంగనివ్వదు. మధ్యలో చర్మం, కండరం నలుగుతాయి. ముందు కొన్ని వారాలు పిక్కను సాగదీయించి, ఆ తరవాతే ఇన్సోల్ ఆలోచన చేయాలి.

8. అమర్చడం

బూటు లోపలి అట్టను బయటికి తీయండి. దాన్ని కొత్త ఇన్సోల్ మీద పెట్టి, మడమలు రెండూ సమంగా కలిపి, ముందు వైపు గీత గీయండి. గీతకు కొంచెం బయటే కత్తిరించి, బూటులో పెట్టి చూసి, అవసరమైతే మళ్లీ కొంచెం తీయండి. మడమ వైపు, వంపు వైపు కత్తెర తగలకూడదు. బూటులో పెట్టాక ముందు భాగం పైకి లేవకుండా, మడమ భాగం ఊగకుండా పరుచుకోవాలి. అంచులు మడతపడితే బొబ్బలొస్తాయి.

తరవాత పిల్లను ఇన్సోల్ మీద, బూటు లేకుండా, నేల మీదే నిలబెట్టండి. వెనక నుంచి చూస్తే మడమ ముందుకన్నా నిటారుగా ఉండాలి. పూర్తిగా నిటారు కానక్కరలేదు. మడమ బయటి వైపుకు తిరిగి పాదం బయటి అంచున నిలబడుతుంటే వంపు మరీ ఎత్తుగా ఉన్నట్టు, చీలమండ బెణుకుతుంది. చివరగా బూటు తొడిగి, లేసు బిగించి, నడిపించి, పరుగెత్తించి, మెట్లు ఎక్కించి చూడండి. మడమ జారుతోందా అన్నది పరుగులోనే తెలుస్తుంది.

ఎడమది ఎడమకు, కుడిది కుడికి. పిల్లలు తామే బూట్లు వేసుకుంటారు కాబట్టి అడుగున రంగు గుర్తు పెట్టండి.

9. అలవాటు చేయడం

మొదటి రోజు ఇంట్లోనే ఒక గంట. రోజుకో గంట చొప్పున పెంచుతూ పోతే వారం పది రోజుల్లో బడి పూట మొత్తం వేసుకోగలుగుతారు. రెండు వారాలు పట్టినా తొందర లేదు. ఆటలకు, పరుగు పందేలకు మాత్రం రోజంతా హాయిగా వేసుకోగలిగిన తరవాతే.

బూట్లు విప్పిన ప్రతిసారీ అరికాలు చూడండి. లేత ఎరుపు అరగంటలో పోతే పరవాలేదు. అంతకు మించి నిలిచినా, బొబ్బ కనిపించినా ఆపి, ఎక్కడ రాపిడి ఉందో వెతకండి. మొదటి రోజుల్లో పిక్కల్లో తేలికపాటి నొప్పి రావచ్చు. మోకాలు, తుంటి, నడుము నొప్పి కొత్తగా మొదలై రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే ఇన్సోల్ తీసేసి సలహా అడగండి.

ఒప్పించడం కూడా ఇందులో భాగమే. పిల్లల ఎదుట "వంకర పాదాలు", "లోపం" అనే మాటలు రానివ్వకండి. "ఆడాక కాళ్లు అలసిపోకుండా ఇది సాయం చేస్తుంది, గుచ్చుకుంటే వెంటనే చెప్పు" అంటే చాలు. చెప్పినప్పుడు వినండి. నా కూతురు మొదటి జతను దాచింది నేను వినకపోవడం వల్లే.

10. దానితో పాటు చేయవలసినవి

పిక్క సాగదీతకు గోడ చాలు. ఒక కాలు వెనక్కి, మోకాలు నిటారుగా, మడమ నేలకు ఆనించి, వేళ్లు సూటిగా ముందుకు చూస్తూ గోడ మీదికి వాలాలి. 30 సెకన్లు ఆగాలి. ఒక్కో కాలికి మూడుసార్లు, రోజుకు రెండు పూటలా. వేళ్లు బయటికి తిరిగితే పాదం కుంగిపోయి, సాగవలసిన స్నాయువు సాగదు. ఈ ఒక్క సంగతి పక్కన ఉండి చూసుకోండి.

మునివేళ్ల మీద లేచి దిగడం, వేళ్లతో బట్ట ముక్కలు ఏరడం, వేళ్లు ముడవకుండా అరికాలి మధ్య భాగాన్ని కుదించడం పాదం లోపలి కండరాలకు పని చెబుతాయి. వీటితో వంపు పుడుతుందని చెప్పను గానీ బలం వస్తుంది. ఇంట్లో, ఇసుకలో, గడ్డిలో చెప్పులు లేకుండా ఆడనివ్వండి. రావు, జోసెఫ్ అనే ఇద్దరు భారతీయ వైద్యులు 2,300 మంది పిల్లల అడుగుజాడలు పరిశీలించి 1992లో ప్రచురించారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో చదును పాదాలు 8.6 శాతం, వేసుకోని వారిలో 2.8 శాతం. బూట్లే కారణమని ఈ అంకెలు నిరూపించవు, కానీ ఉత్త కాళ్లతో ఆడితే పాదాలు పాడవుతాయన్న భయానికి మాత్రం ఇక్కడ చోటు లేదు.

11. ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు మానాలి

చిన్నపిల్లలకైతే మూడు నెలలకోసారి, బడి పిల్లలకు కనీసం ఆరు నెలలకోసారి ఇన్సోల్‌ను పాదం పక్కన పెట్టి చూడండి. పాదం పెరిగితే వంపు భాగం ఉండవలసిన చోటు కన్నా వెనక్కి పడుతుంది, మడమ గిన్నె ఇరుకవుతుంది. అప్పుడు పెద్దది కావాలి. బొటనవేలితో నొక్కితే తిరిగి రాని నురుగు, మడమ కింద పలచబడిన పొర కనిపించినా మార్చాలి. తడిస్తే తీసి నీడలో ఆరబెట్టండి, ఎండలోనూ వేడి దగ్గరా ఆకారం మారిపోతుంది. తమ్ముడికో చెల్లికో దాటించవద్దు, అది ఒకరి నడకకు అరిగిన వస్తువు.

ఆరు వారాల పుస్తకం తెరిచి పోల్చినప్పుడు నొప్పి రోజులు తగ్గకపోతే, బూటు, అమరిక, పిక్క బిగుతు మళ్లీ చూడండి. ఎనిమిది వారాలకూ మార్పు లేకపోతే అలాగే కొనసాగించవద్దు. నొప్పికి వేరే కారణం ఉందేమో వైద్యులు చూడాలి. వెళ్లినప్పుడు నేరుగా అడగండి: ఇది ఏ నొప్పిని తగ్గించాలి, ఎన్ని వారాల్లో తెలుస్తుంది, సిద్ధంగా దొరికేది ఎందుకు చాలదు, ఎప్పుడు మానవచ్చు?

మేలు చేసిన ఇన్సోల్‌ను కూడా జీవితాంతం వాడనక్కరలేదు. ఆరేడు నెలలు నొప్పి లేకుండా గడిస్తే, ఆటలు తక్కువగా ఉండే సెలవుల్లో తీసి చూడండి. ముందు ఇంటి దగ్గర తిరిగే బూట్లలోంచి, తరవాత బడి బూట్లలోంచి, చివరికి ఆట బూట్లలోంచి. నొప్పి తిరిగి వస్తే మళ్లీ పెట్టండి, కొన్ని నెలల తరవాత ఇంకోసారి ప్రయత్నించండి. మా అమ్మాయి పదకొండో ఏట ఆట బూట్ల జత తప్ప మిగిలినవన్నీ తానే తీసేసింది. ఈసారి సంచిలో దాచలేదు, తెచ్చి నా చేతికిచ్చింది. పాదాలు ఇప్పటికీ చదునుగానే ఉన్నాయి. సాయంత్రం ఆట ముగిశాక ఇంటికి నడిచే వస్తుంది.